బైబిల్ కాలం నాటి లోకాన్ని సండే స్కూల్ పిల్లలకు తెర మీద ఎలా చూపించాలి? ఏం కొనాలి?

అందరికీ వందనాలు. కందుకూరు దగ్గర సండే స్కూల్ నడుపుతూ, వారంలో మిగతా రోజులు బడిలో కూడా చెప్పే ఒక సిస్టర్ గారి ప్రశ్న ఇది. సంఘంలో ఒక దాత పిల్లల కోసం లక్ష రూపాయలు ఇస్తామన్నారట. ఆ డబ్బుతో వీఆర్ కళ్ళద్దాలు (పెట్టుకుంటే ఆ చోట్లోనే ఉన్నట్టు చుట్టూ బొమ్మ కనిపించేవి) కొనాలా, బళ్ళలో గోడకు బిగించే పెద్ద టచ్ ప్యానెల్ కొనాలా అని అడుగుతున్నారు. కార్టూన్ వీడియోలు వేస్తే పిల్లలు కదలకుండా చూస్తారు, వారం తిరిగాక అడిగితే ఒక్కరికీ గుర్తుండదు, అబ్రాహాము, దావీదు, యేసు ముగ్గురూ ఒకే కాలంలో పక్కపక్క వీధుల్లో ఉన్నట్టు మాట్లాడతారు అని కూడా రాశారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ఆ రెండిట్లో ఏదీ కొనొద్దు. మంచి ప్రొజెక్టరు ఒకటి, పిల్లలు పాతిక ముప్పై మందే అయితే దాని బదులు 55 అంగుళాల టీవీ. ఒక మామూలు ల్యాప్‌టాప్, ఫోనును వంచి నిలబెట్టే స్టాండు, ల్యాప్‌టాప్‌ను తెరకు కలిపే పొడవాటి హెచ్‌డీఎంఐ కేబులు. ఇవి చాలు. డబ్బు మిగులుతుంది. దాన్ని చార్టులకూ, తాళ్ళకూ, కలర్ ప్రింట్లకూ ఉంచండి. ఇక రెండో మాట, నా దృష్టిలో అసలు మాట: కథను తెరకు అప్పగించకండి. కథ మీరే చెప్పండి. తెర మీద మూడే చూపించండి: నేల, దూరం, తవ్వకాల్లో దొరికిన వస్తువు. మన పిల్లలు తమ ఊళ్ళో ఉండి చూడలేనివి అవే.

నేను కావలి వైపు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. ఆదివారాలు సండే స్కూలు, ఎండాకాలం సెలవుల్లో వీబీఎస్ (సెలవుల బైబిల్ బడి) చాలా ఏళ్ళుగా చూసుకుంటున్నాను. కింద రాసేదంతా ఆ రెండు చోట్లా పిల్లకాయలతో చేసి చూసినదే.

వీఆర్ ఎందుకు వద్దంటున్నానంటే, ఒక్కో కళ్ళద్దం ఒక్కో పిల్లవాడికి. మిగతావాళ్ళు వరసలో నిలబడాలి. చిన్నపిల్లలు పెట్టుకోకూడదని తయారుచేసే కంపెనీలే వయసు హద్దు పెట్టాయి. పైగా ఈ యాప్‌లు ఎన్నాళ్ళుంటాయో చెప్పలేం. గూగుల్ వాళ్ళు బళ్ళ కోసమే పెట్టిన ఎక్స్‌పెడిషన్స్ అనే వీఆర్ యాత్రల యాప్‌ను 2021లో మూసేశారు. దాన్ని నమ్ముకుని వీఆర్ డబ్బాలు కొన్న బళ్ళలో ఆ డబ్బాలు మిగిలాయి. టచ్ ప్యానెల్ మంచి వస్తువే, కాదనను. కానీ సండే స్కూల్ వారానికి ఒక గంట. ఆ గంట కోసం అంత పెట్టుబడి అక్కర్లేదు.

ప్రొజెక్టరు కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాలతో ఉన్న ల్యూమెన్ల (వెలుగు కొలత) అంకె చూసి మోసపోకండి. ఆన్సీ ల్యూమెన్లు, అంటే ప్రమాణం ప్రకారం కొలిచిన వెలుగు, ఎన్నో అడగండి. చర్చి హాల్లో పగటిపూట కిటికీలు మూసినా వెలుగు వస్తూనే ఉంటుంది కాబట్టి మూడు వేల ఆన్సీ ల్యూమెన్లకు తగ్గితే బొమ్మ వెలిసిపోయి కనిపిస్తుంది.

ఇప్పుడు పాఠాల సంగతి.

దూరాలతో మొదలుపెట్టండి. భూమినంతా ఉపగ్రహ ఫొటోల్లో చూపించే గూగుల్ ఎర్త్ ప్రో కంప్యూటర్లో ఉచితం. దాన్లో కొలిచే స్కేలు ఉంది. నజరేతు మీద ఒక చుక్క, బేత్లెహేము మీద ఒక చుక్క పెట్టండి. గాలిలో గీత గీస్తే సుమారు 110 కిలోమీటర్లు చూపిస్తుంది. తర్వాత మ్యాపును మన వైపు తిప్పి నెల్లూరుకీ ఒంగోలుకీ మధ్య గీయండి. ఇంచుమించు అంతే! హైవే మీద ఆ బస్సెక్కని పిల్లవాడు మన జిల్లాల్లో ఉండడు. కడుపుతో ఉన్న మరియ, యోసేపు నెల్లూరులో బయలుదేరి ఒంగోలుకు నడిచారనుకోండి, రాత్రుళ్ళు ఎక్కడెక్కడ ఆగుతారు అని అడగండి. కోవూరు, కావలి, ఉలవపాడు, సింగరాయకొండ... పేర్లు వాళ్ళే చెప్తారు. ఆ తర్వాత తెలియజెప్పండి, మనది చదునైన నేల, అక్కడ కొండలూ లోయలూ, కాబట్టి నడిచే దారి ఆ గీత కంటే ఇంకా పొడవని.

ఎత్తుపల్లాలు కూడా ఇదే సాఫ్ట్‌వేరులో చూపించవచ్చు. యెరూషలేము నుంచి యెరికోకు ఒక దారి గీసి ఎలివేషన్ ప్రొఫైల్ నొక్కితే కింద ఒక గ్రాఫు వస్తుంది. యెరూషలేము సముద్రమట్టానికి దాదాపు 750 మీటర్ల పైన, యెరికో దాదాపు 250 మీటర్ల కింద. పాతిక కిలోమీటర్ల దారిలో వెయ్యి మీటర్లు దిగిపోతుంది. మన తీరం పిల్లలకు ఇది ఊహకందదు. దోర్నాల నుంచి శ్రీశైలం ఘాటు ఎక్కినవాళ్ళు క్లాసులో ఉంటే వాళ్ళ చేత చెప్పించండి. మంచి సమరయుని కథలో దొంగలు ఆ దారినే ఎందుకు కాపు కాశారో గ్రాఫు చూసిన పిల్లలు వాళ్ళంతట వాళ్ళే చెప్తారు. మనం వివరించనక్కర్లేదు.

గలిలయ సముద్రాన్ని కూడా కొలిపించండి. పొడవు 21 కిలోమీటర్లు, వెడల్పు 13. పేరుకే సముద్రం, మంచినీళ్ళ సరస్సు. మన పులికాట్ దానికంటే చాలా పెద్దది. 1986లో కరువు వచ్చి నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు అక్కడ బురదలో రెండు వేల ఏళ్ళ నాటి చేపల పడవ ఒకటి బయటపడింది. ఎనిమిది మీటర్ల పైచిలుకు పొడవు, రెండుంపావు మీటర్ల వెడల్పు. దాని ఫొటో తెర మీద పెట్టి ఊరుకోండి. జువ్వలదిన్నె, తుమ్మలపెంట వైపు పిల్లలు ఉంటే పాఠం వాళ్ళే తీసుకుంటారు. ఎంతమంది ఎక్కొచ్చు, వల ఎటువైపు నుంచి వదలాలి, గాలి లేస్తే ఏం చేయాలి... మా దగ్గర ఎప్పుడూ వెనక బెంచీలో నోరు మెదపని పిల్లవాడు ఆ ఫొటో చూసి లేచి, ఈ పడవలో రాత్రంతా వేటకెళ్తే పడుకోవడానికి చోటుండదు సార్ అన్నాడు. యేసు శిష్యుల్లో చేపలు పట్టే పేతురు గురించి నేనెన్నడూ చెప్పని మాట అది.

కాలాల గందరగోళానికి మాత్రం తెర పనికిరాదు, తాడు కావాలి. మీటరుకు వందేళ్ళ లెక్కన నలభై మీటర్ల కొబ్బరితాడు తీసుకుని చర్చి ఆవరణలో కట్టండి. ఒక కొసన అబ్రాహాము. సంప్రదాయంగా క్రీ.పూ. 2000 ప్రాంతం అంటారు, పండితుల్లో దీని మీద ఏకాభిప్రాయం లేదని పెద్దపిల్లలకు చెప్పండి. అక్కడి నుంచి పది మీటర్ల దగ్గర దావీదు, పదమూడు దగ్గర యూదా రాజు హిజ్కియా, పద్నాలుగున్నర దాటాక బబులోనును పట్టుకున్న పారసీక రాజు కోరెషు, ఇరవై దగ్గర యేసు. ఇవతలి కొసన మనం. మధ్యలో పిల్లలకు తెలిసినవి తగిలించండి. అశోకుడు, శాతవాహనులు, 1514లో కృష్ణదేవరాయలు గెలిచిన ఉదయగిరి కోట. యేసు నుంచి ఉదయగిరి దాకా పదిహేను మీటర్లు నడిచిన పిల్లవాడు ఆ తర్వాత దావీదునీ యేసునీ ఒకే వీధిలో పెట్టడు.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం హిజ్కియాది. పదేళ్ళు దాటిన పిల్లలకు ఒక్క పాఠమే చెప్పడానికి వీలుంటే ఇదే చెప్తాను. ఎందుకంటే ఒకే సంఘటన గురించి మూడు నాలుగు వైపుల నుంచి సాక్ష్యం దొరికే చోటు ఇది. క్రీ.పూ. 701లో అష్షూరు రాజు సన్హెరీబు యూదా మీద పడ్డాడు. రాజుల రెండవ గ్రంథం 18 నుంచి 20 అధ్యాయాలు పిల్లల చేత ముందు చదివించండి. తర్వాత ఒక్కొక్కటే తెర మీదికి తీసుకురండి.

మొదటిది యూదా పట్టణం లాకీషు ముట్టడి శిల్పాలు. అష్షూరు రాజధాని నీనెవెలో సన్హెరీబు కోటలో గోడలకు ఉండేవి, ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. మ్యూజియం సైటులోనే పెద్ద సైజు ఫొటోలు దొరుకుతాయి. బండి మీద మూటలు, మూటల మీద పిల్లలు, బండికి కట్టిన ఎద్దులు. ఊరు వదిలి పోతున్న జనం. ఎద్దుల దగ్గర బొమ్మను పెద్దది చేసి ఆపండి. మన ఒంగోలు పిల్లలు ముందు మాట్లాడేది వాటి గురించే, డొక్కలు చూసి తిండి లేదని కూడా చెప్తారు. ఒక జాగ్రత్త: అదే శిల్పంలో ఖైదీలను కొరత వేయడం, చర్మం ఒలవడం కూడా చెక్కారు. చిన్నపిల్లల ముందు మొత్తం శిల్పం పెట్టకండి, కావలసిన ముక్కే కత్తిరించి పెట్టండి. ఆ వెంటనే గూగుల్ ఎర్త్‌లో లాకీషు దిబ్బకు వెళ్ళండి. అష్షూరు సైన్యం గోడ ఎక్కడానికి రాళ్ళు పోసి కట్టిన వాలు నైరుతి మూలన ఇప్పటికీ ఉంది.

రెండోది సన్హెరీబు రాయించుకున్న మట్టి పట్టకం, ఆరు ముఖాల మీద రాత. హిజ్కియా పట్టణాలు 46 పట్టుకున్నాననీ, అతణ్ణి యెరూషలేములో పంజరంలో పక్షిలా బంధించాననీ చెప్పుకున్నాడు. పట్టణాన్ని గెలిచానని మాత్రం ఎక్కడా చెప్పలేదు! కప్పం లెక్కలు పక్కపక్కన రాయించండి. బంగారం బైబిల్లో 30 తలాంతులు (ఆ కాలపు తూకం), పట్టకంలోనూ 30. వెండి బైబిల్లో 300, పట్టకంలో 800. ఎందుకు తేడా వచ్చి ఉంటుంది అని అడిగి వదిలేయండి. జవాబు మీరు చెప్పకండి. ఓడినవాడు తగ్గించి రాశాడా, గెలిచినవాడు పెంచి రాశాడా, లెక్క కట్టే పద్ధతే వేరా అని పిల్లలు వాదించుకుంటారు. చరిత్ర చదవడమంటే ఆ వాదనే.

మూడోది సొరంగం. గీహోను ఊట నీళ్ళు యెరూషలేము పట్టణం లోపల సిలోయము కోనేటికి రావడానికి కొండలో తొలిచిన 533 మీటర్ల కాలువ. హిజ్కియా తవ్వించినదేనని చాలామంది పండితుల మాట. 1880లో అక్కడ నీళ్ళల్లో దిగిన ఒక కుర్రాడు గోడ మీద రాత చూశాడు. రెండు జట్లు రెండు వైపుల నుంచి తవ్వుతూ రావడం, మధ్యలో అవతలివాళ్ళ గొంతు వినిపించడం, పార కలిసిన రోజు నీళ్ళు 1200 మూరలు పారడం ఆ రాతలో ఉంది. శాసనం ఇప్పుడు ఇస్తాంబుల్ మ్యూజియంలో ఉంది. పెద్దపిల్లలకు ఇక్కడ ఒక లెక్క ఇవ్వండి: 533 మీటర్లను 1200 మూరలతో భాగించమనండి. మూరకు 44 సెంటీమీటర్ల చిల్లర వస్తుంది. మోచేయి నుంచి వేలి కొస దాకా మీ చేతిని కొలిచి చూపించండి. ఆ క్షణంలో వాళ్ళ ముఖాలు చూడాలి.

మూర వచ్చేసింది కాబట్టి బయటికి తీసుకెళ్ళండి. సొలొమోను మందిరం 60 మూరల పొడవు, 20 వెడల్పు, 30 ఎత్తు అని మొదటి రాజుల గ్రంథం. 45 సెంటీమీటర్ల లెక్కన 27 మీటర్లు, 9 మీటర్లు. తాడు పట్టి ముగ్గుపిండితో ఆవరణలో గీయించండి. సినిమాల్లో చూసి అది పెద్ద కోటంత ఉంటుందనుకున్న పిల్లలు, ఇంతేనా సార్, మన చర్చి అంతే ఉంది అంటారు. ఎత్తు పదమూడున్నర మీటర్లంటే ఎక్కడిదాకానో కొబ్బరిచెట్టు వైపు చూసి అంచనా కట్టమనండి. ఆ మందిరం శిథిలాలు దొరకలేదని స్పష్టంగా చెప్పండి. దాని పోలిక తెలియాలంటే సిరియాలోని ఐన్ దారా గుడి ఫొటోలు చూపించండి. మూడు భాగాల కట్టడం, గడప రాళ్ళ మీద మీటరు పొడవు పాదాల గుర్తులు చెక్కి ఉంటాయి. 2018 యుద్ధంలో ఆ గుడి బాగా దెబ్బతింది.

చేత్తో చేసేది, తెర మీద చూసేది కలిస్తేనే గుర్తుంటుంది. మట్టి పలకల పాఠం అలాంటిది. అష్షూరు, బబులోను వాళ్ళు తడి మట్టి పలకల మీద మేకు ఆకారపు గుర్తులు నొక్కి రాసేవాళ్ళు. చెరువు మట్టిని రాళ్ళు లేకుండా పిసికి అరచేతిలో పట్టేంత బిళ్ళలు చేయించండి. ఐస్‌క్రీం పుల్లను కొసన నలుచదరంగా కోసి, దాని మూలతో మట్టిని నొక్కితే మేకు ఆకారం పడుతుంది, గీయకూడదు, నొక్కాలి. నిలువు మేకు ఒకటి అంటే ఒకటి. పుల్ల మూలను ఏటవాలుగా నొక్కితే పడే కోణం పది. పన్నెండేళ్ళ పిల్ల ఒక కోణం, రెండు మేకులు నొక్కి తన వయసు రాసుకుంటుంది. అరవై దగ్గర మళ్ళీ నిలువు మేకే వస్తుంది, మన గంటకు అరవై నిమిషాలు ఆ లెక్క నుంచే వచ్చాయని చెప్పండి.

ఇప్పుడు ఫోను స్టాండుకు పెట్టి, కెమెరా కిందికి తిప్పి, ఆ బొమ్మ తెర మీద పడేలా కలపండి. ఒక పలక కెమెరా కింద పెట్టి లైట్లు ఆర్పండి. టార్చి పై నుంచి వేస్తే గుర్తులన్నీ మాయమై ఒట్టి మట్టి బిళ్ళ కనిపిస్తుంది. అదే టార్చిని పక్కకు దించి నేలబారుగా వేయండి. ప్రతి మేకుకూ నీడ పడి రాత మొత్తం లేచి నిలబడుతుంది. మ్యూజియంలలో పండితులు కూడా పలకలను పక్క వెలుగులోనే ఫొటో తీసి చదువుతారు. నా అనుభవంలో ఎంత ఖరీదైన యాప్ వేసినా పిల్లలు అంత గట్టిగా కేక పెట్టలేదు. మార్కాపురం పలక ఒకటి పక్కన పెట్టి తేడా అడగండి. దాని మీద రాసింది తుడిస్తే పోతుంది, మట్టి మీద నొక్కింది ఎండితే ఉండిపోతుంది. కోటలు తగలబడినప్పుడు పలకలు ఇటుకల్లా కాలి ఇంకా గట్టిపడ్డాయి. నీనెవె గ్రంథాలయం పలకలు మన దాకా వచ్చింది అందువల్లే.

మృత సముద్రపు చుట్టలకు, అంటే ఆ సముద్రం పక్క గుహల్లో దొరికిన పాత చేతిరాత గ్రంథాలకు కూడా ఇలాగే. 1947 నుంచి కుమ్రాను గుహల్లో దొరికిన వాటిలో యెషయా గ్రంథపు పెద్ద చుట్ట పొడవు 7.34 మీటర్లు. ఇజ్రాయెల్ మ్యూజియం వాళ్ళు దాన్ని మొత్తం ఆన్‌లైన్లో పెట్టారు, వేలితో జరుపుతూ చూడొచ్చు. పాత క్యాలెండరు కాగితాలు వెనక్కి తిప్పి అంత పొడవు అతికించి చుట్టించండి. నలభయ్యో అధ్యాయం ఎక్కడుందో వెతకమంటే ఎంతసేపు విప్పాలో వాళ్ళకే తెలుస్తుంది.

ప్రతి బొమ్మ కింద మూడు మాటల్లో ఒకటి రాయండి: దొరికింది, గ్రంథంలో ఉంది, ఊహించింది. ఇది ఎంత చెప్పినా తక్కువే. ముఖ్యంగా ఇప్పుడు ఫోనులో అడిగితే క్షణంలో ఏఐ బొమ్మ వచ్చేస్తోంది. చూడటానికి ఫొటోలాగే ఉంటుంది. యెరూషలేము సంత బొమ్మ అడిగితే టమాటాలు, మిరపకాయలు, మొక్కజొన్న కంకులు పోసి పెడుతుంది. ఇవన్నీ కొలంబస్ తర్వాత అమెరికా ఖండాల నుంచి వచ్చినవి. మన ప్రకాశం పొగాకూ అంతే. అలాంటి బొమ్మను పాఠంగా చూపించకండి, పరీక్షగా ఇవ్వండి. ఇందులో ఆ కాలంలో లేనివి పట్టుకోండి అని పెద్దపిల్లలకు ఇస్తే చాలా జాగ్రత్తగా చూస్తారు.

వాట్సాప్‌లో తిరిగే వీడియోలూ ఈ లెక్కలోకే వస్తాయి. టర్కీ కొండల్లో నోవహు ఓడ దొరికిందనీ, ఎర్రసముద్రంలో ఫరో రథచక్రాలు దొరికాయనీ పిల్లలు తెచ్చి చూపిస్తారు. ఆ ఓడ ఆకారం నేల సహజంగా ఏర్పడినదని భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పారు. చక్రాల మాటకు రుజువు ఏదీ బయటికి రాలేదు. ఇవి కొట్టేస్తే విశ్వాసం పోతుందేమో అని కొందరు టీచర్లు భయపడతారు. నా మాట వినండి, అబద్ధపు రుజువు చూపించి నమ్మించిన పిల్లవాడు ఇంటర్‌లో నిజం తెలిసిన రోజున మిగతా అంతా కూడా అబద్ధమే అనుకుంటాడు. దొరికినవి ఇన్ని ఉండగా దొరకనివాటి అవసరమేముంది?

మన నేల మీద దొరికినవి కూడా మరవకండి. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు పొలం దున్నుతుంటే కుండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, అంటే క్రీస్తు తర్వాత రెండో శతాబ్దానివి. కైసరు బొమ్మ ఉన్న నాణెం గురించి సువార్తలో చదివినప్పుడు ఈ సంగతి చెప్పండి. ఆ నాణెం తర్వాతి కాలంవే ఇవి, కానీ అదే రోమా రాజ్యంవి. పెన్నా ఒడ్డు దాకా వచ్చాయి.

చిన్నచిన్నవి రెండు మూడు. ఇంగ్లీషు వ్యాఖ్యానం ఉన్న వీడియో వేయాల్సి వస్తే సౌండు ఆపి మీరు తెలుగులో చెప్పండి. తెర ఒకసారికి పది నిమిషాలు దాటనివ్వకండి, ఏడేళ్ళ లోపు వాళ్ళకు ఐదు చాలు. గూగుల్ ఎర్త్ ప్రయాణాలు శనివారం రాత్రే స్క్రీన్ రికార్డు చేసి పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి, ఆదివారం నెట్టు అందరూ వాడుతుంటారు, తిరగదు. కరెంటు పోతే అని ముఖ్యమైన ఫొటోల ప్రింట్లు దగ్గరుంచుకోండి.

చివరగా, మీరు వారంలో మిగతా రోజులు బడిలో కూడా చెప్తానన్నారు కాబట్టి ఒకటి. ప్రభుత్వ బడి ప్యానెల్ మీద మెసొపొటేమియా, ఈజిప్టు, రోము చరిత్రగా నిశ్చింతగా చెప్పొచ్చు, మట్టి పలకల పాఠం అక్కడా బాగుంటుంది. మత బోధ మాత్రం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో కుదరదు, రాజ్యాంగం 28వ అధికరణ స్పష్టంగా ఉంది. ఎయిడెడ్, గుర్తింపు ఉన్న మిషన్ బళ్ళలో అయితే తల్లిదండ్రుల సమ్మతి లేకుండా పిల్లలను కూర్చోబెట్టకూడదు. సండే స్కూలుకు స్నేహితులతో పాటు వచ్చే హిందూ, ముస్లిం పిల్లల ఇళ్ళకు కూడా ఒకసారి వెళ్ళి చెప్పి రండి. పెద్దవాళ్ళకు ముందే తెలిస్తే ఏ ఇబ్బందీ రాదు.

ముందు ప్రొజెక్టరు కాదు, గూగుల్ ఎర్త్ ప్రో ఎక్కించుకుని ఇంట్లో రెండు వారాలు చేయి తిప్పండి. అప్పటికి మీ హాలుకు టీవీ చాలా, ప్రొజెక్టరు కావాలా మీకే తేలుతుంది. హాలు కొలతలు, కిటికీలు ఎటు ఉన్నాయో ఇక్కడ రాస్తే ఏది సరిపోతుందో చెప్తాను.